220లోంచి వయసు తీసేస్తే పరుగు తేలదు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం ఆరోగ్యం పేజీలో వచ్చిన రంగుల పట్టికను మా వీధిలో చాలామంది కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అతికించుకున్నారు. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకె మీ గుండె కొట్టుకోగలిగే గరిష్ఠ వేగం. అందులో 60 నుంచి 70 శాతం దగ్గర పరిగెత్తితే కొవ్వు కరుగుతుంది. 85 శాతం దాటితే ఎరుపు, అంటే ప్రమాదం. స్థూలంగా అందులో ఉన్నది ఇదే. ఈ ఉత్తరం ఆ పట్టిక మీద ఫిర్యాదు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేసి రిటైరయ్యాను. కంచరపాలెంలో ఉంటాను. వయసు 61. ఇప్పటికీ బీచ్ రోడ్డులో పరిగెడుతుంటాను. కానిస్టేబుల్ ఉద్యోగాల ఈవెంట్స్‌కి, అంటే శారీరక పరీక్షలకి తయారయ్యే పిల్లలు పిలిస్తే పొద్దున్నే వెళ్లి స్టాప్‌వాచ్ పట్టుకుంటాను.

మీ లెక్క ప్రకారం నా గరిష్ఠం 159. నేను పరిగెత్తాల్సిన జోన్ 95 నుంచి 111. సింహాచలం మెట్లు మాట్లాడుకుంటూ ఎక్కినా నా గుండె అంతకంటే ఎక్కువే కొట్టుకుంటుంది. మొన్న చలికాలంలో ఛాతీకి గుండె వేగం కొలిచే స్ట్రాప్ కట్టుకుని అరగంట పరుగు పరీక్ష చేసుకుంటే చివరి ఇరవై నిమిషాల సగటు 158 వచ్చింది. అంటే మీ పట్టిక ‘ఇక దీనిపైన లేదు’ అన్నచోట నేను ఇరవై నిమిషాలు నిలకడగా పరిగెత్తాను. టెన్నేటి పార్కు వైపు ఎక్కుడులో ఒకసారి 174 కూడా చూశాను. ఇందులో నా గొప్పేమీ లేదు, లోపం లెక్కలోనే ఉంది.

ఈ 220 ఎక్కణ్నుంచి వచ్చిందో పాఠకులకి తెలియడం మంచిది. 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు వ్యాయామం, గుండెజబ్బుల మీద ఒక వ్యాసం రాశారు. అంతకుముందు రకరకాలవాళ్లు కొలిచి పెట్టిన అంకెల్ని అందులో వయసు ప్రకారం గ్రాఫ్ మీద పెట్టి, మధ్యలోంచి ఉజ్జాయింపుగా ఒక గీత గీశారు. ఆ గీతే యాభై ఏళ్లకు పైగా జిమ్ గోడల మీద, ట్రెడ్‌మిల్ స్టిక్కర్ల మీద, ఇప్పుడు మీ పేజీలో కనిపిస్తోంది. 2001లో తనాకా అనే పరిశోధకుడి బృందం 351 అధ్యయనాల్ని కలిపి చూసి, 208లోంచి వయసులో 0.7 వంతు తీసేయాలని సవరించింది. 40 ఏళ్లవాళ్లకి రెండు లెక్కల్లోనూ 180 వస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి పాత లెక్క ఎక్కువ చూపిస్తుంది, నాలాంటివాళ్లకి తక్కువ చూపిస్తుంది. 2010లో ఆడవాళ్లకి విడిగా ఇంకో సూత్రం వచ్చింది, 206లోంచి వయసులో 0.88 వంతు తీసేయాలట. దాని ప్రకారం నా గరిష్ఠం 152. అది ఇంకా అన్యాయం!

ఏ సూత్రమైనా చెప్పేది సగటే. ఒకే వయసున్నవాళ్లని వరసగా నిలబెట్టి కొలిస్తే, సగటుకి పది పన్నెండు బీట్లు అటో ఇటో ఉండడం మామూలు. కొందరికి ఇరవై తేడా కూడా ఉంటుంది. పైగా ఇది పుట్టుకతో వచ్చేది, బాగా పరిగెత్తేవాళ్లకి ఎక్కువా, పరిగెత్తనివాళ్లకి తక్కువా అని ఏమీ లేదు. మా వీధిలో ముప్పై ఏళ్ల కుర్రాడున్నాడు, ఐటీ ఉద్యోగం. పట్టిక ప్రకారం అతని గరిష్ఠం 190. నిజంగా కొలిస్తే 176 దాటలేదు. పట్టిక చెప్పిన 80 శాతం అంటే 152, అతనికి అది 86 శాతం. ఎరుపు దాకా పోలేదు, తేలిక పరుగే అనుకుని రోజూ అక్కడే పరిగెత్తి, మూడు నెలలకి మోకాళ్లు పట్టుకుని ‘ఆంటీ, నా బాడీ రన్నింగ్‌కి పనికిరాదేమో’ అన్నాడు. బాడీ బాగానే ఉంది బాబూ, నీ ఫ్రిజ్ మీద కాగితమే బాగోలేదు అన్నాను.

అసలు గరిష్ఠం తెలుసుకోవాలన్న పట్టుదల మనకెందుకు? పరుగుకి పనికొచ్చే అంకె అది కాదు. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోతే ఊపిరి రెండు చోట్ల మారుతుంది. మొదట పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరిగెత్తగలం. ఒక చోట దాటాక మాట ముక్కలవుతుంది, నాలుగు మాటలకి ఒకసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది. ఇంకా వేగం పెంచితే ‘ఊఁ’, ‘ఆఁ’ తప్ప మాట రాదు. ఈ రెండో మలుపునే లాక్టేట్ థ్రెషోల్డ్ అంటున్నారు. కండరాల్లో తయారయ్యే లాక్టేట్‌ని శరీరం వాడుకుంటున్నంతసేపు రక్తంలో దాని మోతాదు నిలకడగా ఉంటుంది. వాడకం కంటే తయారీ మించిపోతే పేరుకోవడం మొదలవుతుంది. ఆ గీతకి కాస్త కింద గంట సేపైనా పరిగెత్తవచ్చు. పైన అయితే అంతసేపు నిలవలేం. ఇద్దరికి గరిష్ఠం ఒకటే అయినా ఈ గీత ఒకరికి 82 శాతం దగ్గర, ఇంకొకరికి 90 దగ్గర ఉండొచ్చు. శిక్షణతో కదిలేది కూడా ఇదే. గరిష్ఠం ఎంత సాధన చేసినా పెద్దగా పెరగదు.

ల్యాబ్‌లో అయితే ట్రెడ్‌మిల్ మీద మెట్టుమెట్టుగా వేగం పెంచుతూ, మెట్టు మెట్టుకీ వేలి నుంచో చెవి తమ్మె నుంచో రక్తపు చుక్క తీసి అందులో లాక్టేట్ కొలుస్తారు. లీటరుకి 4 మిల్లీమోల్స్ దగ్గర గీత గీయడం పాత అలవాటు. అది కూడా అందరికీ సరిగ్గా సరిపోదు. క్రీడాకారులకి అది అవసరం. పొద్దున్న బీచ్ రోడ్డుకి వచ్చేవాళ్లకి అంత ఖర్చు అక్కర్లేదు. అరగంట ఖాళీ, ఒక వాచీ, చదునైన రోడ్డు ఉంటే చాలు.

పద్ధతి చెప్తాను, మీరు అచ్చువేస్తే సంతోషం. ఇది అమెరికా కోచ్ జో ఫ్రీల్ ప్రచారంలోకి తెచ్చినది. పావుగంట నెమ్మదిగా పరిగెత్తి ఒళ్లు వేడెక్కించుకోవాలి. మధ్యలో మూడు నాలుగుసార్లు కొద్ది సెకన్లపాటు వేగంగా వెళ్లి రావాలి. తర్వాత 30 నిమిషాలు, మొత్తం అరగంట నిలబెట్టుకోగలిగినంత గట్టిగా, ఒకే తీరున పరిగెత్తాలి. పది నిమిషాలు అయ్యాక వాచీలో ల్యాప్ బటన్ నొక్కాలి. చివరి 20 నిమిషాల గుండె సగటే మీ థ్రెషోల్డ్ అంకె. మొదటి పది నిమిషాలు ఎందుకు వదిలేస్తామంటే, కాళ్లు వేగం అందుకున్నంత తొందరగా గుండె అందుకోదు, దానికి సమయం పడుతుంది. అరగంటలో వెళ్లిన దూరాన్ని బట్టి వచ్చే సగటు పేస్, అంటే కిలోమీటరుకి పట్టే సమయం, మీ థ్రెషోల్డ్ పేస్‌కి దగ్గరగా ఉంటుంది. ఒంటరిగానే చెయ్యాలి. పక్కన పోటీకి ఎవరైనా ఉంటే అంకె పైకి పోతుంది.

చోటు సంగతి. పొద్దున బండ్లు ఆపేసిన వేళలో కాళీమాత గుడి, సబ్‌మెరైన్ మ్యూజియం ముందు భాగం దీనికి బాగుంటుంది, దాదాపు చదును. జోడుగుళ్లపాలెం, కైలాసగిరి వైపు వెళ్తే ఎక్కుడూ దిగుడూ ఉంటుంది, పరీక్షకి పనికిరాదు. గాలి ఒక్క వైపు నుంచే వీస్తుంది కాబట్టి ఒకే దిక్కుకి పోకుండా వెళ్లి రావాలి. సముద్రపు గాలి వీపున ఉన్నప్పుడు ప్రతివాడూ ఛాంపియనే!

నా 158ని నూరు శాతం అనుకుంటే, దాంట్లో 85 నుంచి 89 శాతం, అంటే 134 నుంచి 140 దాకా నా తేలిక పరుగు. వారంలో ఎక్కువ భాగం అక్కడే. 95 నుంచి 99 శాతం, అంటే 150 నుంచి 156 మధ్య, వారానికి ఒక్కసారి, పది నిమిషాల ముక్కలుగా. మీ పట్టిక చూస్తే నా తేలిక పరుగే దాదాపు అంతా ఎర్ర రంగులో ఉంది. దాన్ని నమ్ముకుని ఉంటే నేను ఈపాటికి నడక దగ్గరే ఆగిపోయేదాన్ని. స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు మేటి ఓర్పు క్రీడాకారుల శిక్షణ లెక్కలు తీస్తే, నూటికి ఎనభై పాళ్లు తేలిక పనే కనిపించింది. మన బీచ్ రోడ్డు మీద చాలామందిది తలకిందుల వ్యవహారం. తేలిక రోజు మరీ తేలిక కాదు, గట్టి రోజు మరీ గట్టి కాదు, అంతా మధ్యలోనే.

బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ముఖ్యమైన మాట ఒకటుంది, అది మీ పేజీలో ఒక్క వాక్యమైనా లేదు. ఆ మాత్రల్లో కొన్ని, బీటా బ్లాకర్లు అంటారు, గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వేసుకునేవాళ్లు పట్టికలో ఉన్న అంకె అందుకోవాలని పరిగెత్తితే ఊపిరి అందక పడిపోతారు తప్ప అంకె రాదు. వాళ్లకి గుండె అంకెలతో పని లేదు, మాట పరీక్షే సరైనది. నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు, ఎప్పుడైనా ఛాతీలో పట్టేసినట్టు అనిపించినవాళ్లు డాక్టరుకి చూపించుకోకుండా నేను చెప్పిన అరగంట పరీక్ష జోలికి పోకూడదు. పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలో పరిగెత్తుతుంటే వాళ్లకి ముందు కొన్ని నెలలు చాలు.

ఇక వాచీలు. మణికట్టు మీద ఆకుపచ్చ లైటుతో కొలిచేవి తేలిక పరుగులో ఫర్వాలేదు. మన చెమటకి, వదులు బెల్టుకి, వేగం పెంచినప్పుడు తప్పుతాయి. ఒక్కోసారి గుండెని వదిలేసి అడుగుల్ని లెక్కపెడతాయి. నిమిషానికి 175 అడుగులు వేస్తుంటే గుండె 175 అని చూపిస్తుంది, మనిషేమో పక్కవాళ్లతో కబుర్లు చెప్తుంటాడు. పరీక్ష రోజుకైనా ఛాతీ స్ట్రాప్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవాలి. అదీ లేకపోతే ఆగిన వెంటనే మెడ దగ్గర వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. మా స్కూల్లో పిల్లలు అలాగే చేసేవారు. వాచీ రాత్రికి రాత్రి ఇచ్చే ‘వీఓ2 మ్యాక్స్’ అంకె, అంటే శరీరం గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్ లెక్క, కూడా అంచనాయే. అది రెండు తగ్గిందని వాట్సాప్ గ్రూపులో టెన్షన్ పడేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

విశాఖలో ఇంకో తిరకాసు ఉంది, ఉక్క. మే నెలలో తెల్లవారుజామున కూడా ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు. ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. కాళ్లకి అదే పని చేయించాలంటే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. డిసెంబరులో 140 దగ్గర వచ్చే పేస్ మేలో 150 దాకా లాగొచ్చు. అందుకని చలికాలం పరీక్షలో వచ్చిన పేస్‌ని ఎండాకాలం పట్టుకు వేలాడకూడదు. అప్పుడు గుండెని, ఊపిరిని చూసుకుని పరిగెత్తాలి, పేస్ ఎంత వస్తే అంతే. పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి, అదే రోడ్డు, అదే వేళ చేసుకోవాలి. స్టీల్ ప్లాంటులో, పోర్టులో నైట్ షిఫ్టు చేసి వచ్చిన పొద్దున వద్దు. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసిన వారం అసలే వద్దు. 32 కిలోమీటర్లు నడిచిన కాళ్లు ఏ అంకె చెప్పినా అది అబద్ధమే.

విశాఖలో జరిగే నేవీ మారథాన్ పరుగు పోటీ దగ్గర పడినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే, ‘మేడం, ఏ పేస్‌లో వెళ్లమంటారు?’ పోయినసారి పక్కింటాయన వెళ్లిన పేస్‌లో కాదు అని చెప్తాను. 1977లో పీటర్ రీగెల్ అనే అమెరికా ఇంజినీరు ఒక లెక్క ఇచ్చాడు. దూరం రెండింతలైతే సమయం రెండింతలు కాదు, దాదాపు 2.085 రెట్లు అవుతుంది. పది కిలోమీటర్లు గంటలో, అంటే కిలోమీటరు 6 నిమిషాల చొప్పున పరిగెత్తినవాళ్లకి హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) సుమారు 2 గంటల 12 నిమిషాలు, కిలోమీటరుకి 6 నిమిషాల 16 సెకన్లు. ఫుల్ (42.2 కిలోమీటర్లు) అయితే సుమారు 4 గంటల 36 నిమిషాలు, కిలోమీటరుకి 6 నిమిషాల 32 సెకన్లు. హాఫ్ దాకా ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. ఫుల్ మారథాన్‌కి మాత్రం, వారాంతంలో పొడుగు పరుగులు నెలల తరబడి చేసినవాళ్లకే అది దగ్గరగా వస్తుంది. మిగతావాళ్లు ఆ అంకె మీద ఇంకో పావుగంట, అరగంట వేసుకుని మొదలుపెట్టడం నయం. హాఫ్‌కి బయల్దేరేటప్పుడు మొదటి మూడు కిలోమీటర్లు లెక్క కంటే పది సెకన్లు నెమ్మదిగా వెళ్లమని నా సలహా. జనం, డప్పులు, సెల్ఫీల హోరులో ఎవరూ వినరనుకోండి.

కానిస్టేబుల్ పిల్లల సంగతి వేరు, నిజానికి నన్ను ఈ ఉత్తరం రాయించినది వాళ్లే. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. ఉద్యోగం దాని మీద ఉంది. వీళ్లు ఏం చేస్తారంటే, పొద్దున లేచి రోజూ 1600 పూర్తి వేగంతో పరిగెత్తి టైమ్ చూసుకుంటారు. నిన్న 8:20, ఇవాళ 8:25, రేపు 8:30. రోజూ పరీక్ష రాస్తే చదువు ఎప్పుడు చదువుతారురా అని అడుగుతాను. మొదటి రౌండ్ నిమిషంన్నరలో కొట్టేసి, మూడో రౌండ్లో దమ్ము పోయి, నాలుగోది నడుస్తారు. 8 నిమిషాలంటే 400 మీటర్ల రౌండుకి సరిగ్గా 2 నిమిషాలు. ఆడపిల్లలకి 2 నిమిషాల 37 సెకన్లు. మొదటి రౌండు అంతకంటే ఐదు సెకన్లకి మించి ముందు రాకూడదని చెప్పి, గీత దగ్గర నిలబడి అరుస్తాను.

వీళ్లకి నేను పెట్టేది కూపర్ పరీక్ష. అమెరికా వైమానిక దళంలో డాక్టరు కెన్నెత్ కూపర్ 1968లో ప్రచురించాడు. 12 నిమిషాల్లో ఎంత దూరం వెళ్తారో చూడడమే, అంతకు మించి ఏమీ లేదు. అందులో ఒక కుర్రాడు 2400 మీటర్లు, అంటే ఆరు రౌండ్లు వెళ్లాడంటే, రౌండుకి రెండు నిమిషాలే కదా. 1600కి కావాల్సిన నాలుగు రౌండ్ల మీద అదే వేగంతో ఇంకో రెండు లాగినవాడికి 1600 మీటర్లకి 8 నిమిషాలు భయపెట్టే అంకె కాదు. 2100 దగ్గర ఆగినవాడికి వేగం కాదు కొరత, దమ్ము. వాడికి వారంలో నాలుగు రోజులు మాట్లాడుతూ పరిగెత్తే తేలిక పరుగు, ఒక్క రోజు 400 మీటర్లు రెండు నిమిషాల్లో, మధ్యలో నడకతో, ఐదారుసార్లు. నెలన్నర తర్వాత మళ్లీ 12 నిమిషాలు. మధ్యలో 1600 టైమ్ చూడడం నిషేధం. దొంగచాటుగా చూసుకుంటారు, నాకు తెలుసు.

ఇందులో వాళ్ల తప్పు లేని చిక్కొకటి ఉంది. నాలుగు రౌండ్లు కలిస్తే 1600 అని నమ్మి పరిగెత్తే గ్రౌండ్లు చాలావరకు 400 మీటర్లు ఉండవు. ఒకచోట కొలిస్తే రౌండు 340 వచ్చింది. అక్కడ 7 నిమిషాల్లో అయిపోతుందని సంబరపడినవాడు అసలు ఈవెంట్స్ రోజున ఎనిమిదిన్నర దగ్గర తేలతాడు. చిన్న గ్రౌండు మలుపుల్లో వాచీ జీపీఎస్ కూడా మూలలు కోసేసి తప్పు దూరం చూపిస్తుంది, దాన్ని నమ్మడానికి లేదు.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. వచ్చే ఆదివారం ఆ పట్టిక కింద, ఇది సగటు మాత్రమేనని, బీపీ మాత్రలు వాడేవాళ్లకి వర్తించదని రెండు వాక్యాలు వేయండి. పక్కన అరగంట పరీక్ష, మాట పరీక్ష వేస్తే ఫ్రిజ్ మీద ఉన్న కాగితం మార్చమని మావాళ్లకి నేను చెప్పుకుంటాను. రెండోది మీ ద్వారా నగర పెద్దలకి. బీచ్ రోడ్డు కాలిబాట అంచున ప్రతి 200 మీటర్లకి ఒక పెయింటు గీత, పిల్లలు పరిగెత్తే ప్రతి గ్రౌండులో రౌండు ఎన్ని మీటర్లో చెప్పే బోర్డు పెట్టించాలి. కొలవడం కష్టమేమీ కాదు, లోపలి సున్నం గీతకి జానెడు బయటగా టేపు పట్టుకుని తిరగాలి. స్కూల్లో వాడిన 50 మీటర్ల స్టీలు టేపు ఇంకా నా దగ్గరే ఉంది, కంచరపాలెం చుట్టుపక్కల ఎవరు పిలిచినా తీసుకుని వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పీఈటీ,
కంచరపాలెం, విశాఖపట్నం